పొడిగించిన పూచీ

సంక్రాంతి సమీపించుకొలది అమలాపురము, రాజోలు, కొత్తపేట, రావులపాలెము బజారులలోని విద్యుద్వస్తువుల దుకాణములు సందడి మీరుట ఏటేట మనము చూచుచున్నదే. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థమునకు వచ్చు బంధువులు ఇల్లు చేరునప్పటికి గోడమీద క్రొత్త టెలివిజను వెలుగవలెనను ముచ్చట గల గృహస్థులు ఊరూరను గలరు. సార్వా ధాన్యము అమ్మిన సొమ్మో, కొబ్బరి దింపువలన వచ్చిన సొమ్మో, గల్ఫు దేశమున కష్టించుచున్న కుమార్తె పంపిన సొమ్మో చేతబట్టుకొని దుకాణపు మెట్లెక్కుదురు. బేరము ముగిసి, సొమ్ము లెక్కించు సమయమున గుమాస్తా మెల్లగా మరియొక మాట కదుపును. "కంపెనీ వారంటీ ఏడాదేనండి. ఇంకో మూడు వేలు కట్టేరంటే ఆ పైన మరో రెండేళ్లు మీకు బెంగుండదండి" అనును. ముప్పదివేలు పెట్టినవాడు మూడు వేలకు వెనుదీయునా? సంతకము పెట్టును. ఆ పత్రము బిల్లుతోబాటు బీరువాలో చేరును. దానిని మరల వెలికి దీయుట టెలివిజను తెరమీద నిలువుగీతలు పడిననాడే.

ఈ వ్యవహారమునందు అమ్ముడైనది వస్తువు గాదు, ఒక మాట. మూడవయేట చెడిపోయినచో బాగుచేయుదుమను మాటకు ముందుగా వెలగట్టి తీసుకొన్న సొమ్మది. మన పెద్దలు ఎద్దులజతను కొనునపుడు పండ్లు చూచెడివారు, సుడులు చూచెడివారు, కాడి కట్టి నాలుగు చాళ్లు దున్నించి చూచెడివారు. అమ్మినవాడు ఏ దోషమునకు పూచీపడుచున్నాడో, ఏ దోషమునకు పడుటలేదో పదిమంది యెదుట చెప్పించుకొనెడివారు. ఆ కోనసీమ రైతు వంశస్థుడే నేడు ఇంగ్లీషున, చీమతలకాయలంత యక్షరములతో అచ్చైన పుటలమీద, చదువకయే, చదివి వినిపింపుమని యడుగకయే వ్రాలు చేయుచున్నాడు. తప్పంతయు వానిదని మేమనుట లేదు. చదివినను తెలియరాని విధముగ వ్రాసినవారి బాధ్యత అంతకంటె నెక్కువ.

పేచీ యెట్లు పుట్టునో చూతము. ఒక గృహస్థుని టెలివిజను కొన్న పందొమ్మిదవ నెలలో నిలిచిపోయినదనుకొందము. అతడు దుకాణమునకు బోవును. వస్తువు అమ్ముటవరకే మా పని, కంపెనీకి ఫోను చేయుడని వారందురు. కంపెనీకి ఫోను చేయగా, మా వారంటీ పండ్రెండు నెలలతో తీరినది, పైగడువు మేమిచ్చినది గాదని జవాబు వచ్చును. అప్పుడు పత్రము విప్పి చూడగా, ఆ పైగడువుకు పూచీపడినది దుకాణమును గాదు, తయారుచేసిన కంపెనీయు గాదు, దూరనగరమున కార్యాలయముగల మూడవ సంస్థ యని తెలియును. చాలచోట్ల పొడిగించిన వారంటీ నమ్మకము ఇట్లే మూడు చేతులలో ముక్కలైయున్నది. ఆ మూడవ సంస్థవారు ఫిర్యాదు సంఖ్య యొకటి యిత్తురు. పది దినములకు మెకానిక్కు వచ్చి మూత విప్పి చూచి, ఫోటోలు తీసికొని పోవును. తరువాత వచ్చు కబురు సామాన్యముగా మూడువిధముల నుండును: విడిభాగము దొరకదనియో, ఈ లోపము వారంటీలో చేరదనియో, బాగుచేయుట సాధ్యము గాదు గనుక తరుగుదల మినహాయించి కొంత సొమ్మునకు మా దుకాణముననే చెల్లు కూపను ఇత్తుమనియో.

ఇందు రెండవ జవాబు కోనసీమవారికి ముఖ్యముగా గమనింపదగినది. ఈ పత్రములలో సర్వసాధారణముగా కనబడు మినహాయింపులు పిడుగుపాటు, విద్యుత్తు హెచ్చుతగ్గులు, తేమ, తుప్పు, పురుగులు, బయటినుండి తగిలిన దెబ్బ. గౌతమికిని వసిష్ఠకును నడుమ, ఒకవైపు సముద్రము గల ఈ సీమయందు వీనిలో ఏది లేదు? అంతర్వేది మొదలుకొని ఓడలరేవు వరకు ఉప్పుగాలి ఇనుపమేకును సైతము తినివేయును. వేసవి చివర ఉరుములు, మెరుపులు, వానకాలమంతయు గోడలకు చెమ్మ. 2022 జూలైలో వచ్చిన గోదావరి వరద లంకగ్రామములలో ఎన్ని యిండ్లను ముంచినదో మరచినవారుండరు. ఇట్టి ప్రాంతమున తేమ వారంటీలో చేరదని చెప్పుట, కోనసీమలో కొన్న వస్తువునకు కోనసీమలో పూచీ లేదని చెప్పుటయే యగును. ఆ మాట మూడు వేలు తీసుకొనకముందు చెప్పవలెను గదా!

ఇంకొక చిక్కు తెరను గూర్చినది. నేటి టెలివిజనులో ప్యానెలనబడు తెరభాగమే వెలలో పెద్దభాగము. వెనుకనుండు దీపపు పట్టీలు, విద్యుత్తు నందించు బోర్డు, ప్రధానపు బోర్డు చెడినచో వానిని మార్చవచ్చును, లేదా బాగుచేయవచ్చును. ప్యానెల్ పోయినచో క్రొత్త టెలివిజను కొనుటకును దానిని మార్చుటకును వ్యత్యాసము స్వల్పము. కావుననే పూచీపడినవారు బోర్డు విషయమున చూపు ఔదార్యము ప్యానెల్ విషయమున చూపరు. అంచున సన్నని బీట కనబడినచో దెబ్బ తగిలినదందురు. గోడకు తగిలించినది వారి మనుష్యుడే, తరువాత తాకినవారు లేరని యజమాని మొరపెట్టుకొన్నను వినువారెవరు?

వినువారు గలరు. ఆ సంగతి మన గృహస్థులలో చాలమందికి తెలియకపోవుటయే ఈ వ్యాసము వ్రాయుటకు కారణము. వస్తువు అమ్మకపుదారుని బాధ్యతను గూర్చి 1930వ సంవత్సరపు వస్తువిక్రయ చట్టముననే, పత్రముతో నిమిత్తము లేకుండ, అమ్మకమునకు తగిన నాణ్యము ఉండవలెనను షరతు చేరియున్నది. అయితే సివిలు కోర్టు ఖర్చునకును కాలమునకును వెరచి ఒక టెలివిజను కొరకు దావా వేసినవారు అరుదు. 1986లో వినియోగదారుల రక్షణ చట్టము వచ్చిన తరువాత మార్గము సులభమైనది. దానికి మారుగా చేయబడిన 2019 చట్టము 2020 జూలైనుండి అమలులోనున్నది. ఈ చట్టము వస్తువుయొక్క లోపమును, సేవయొక్క లోపమును వేరుగ చెప్పి, రెంటికిని పరిహారము కల్పించినది. పొడిగించిన వారంటీ సొమ్ము పుచ్చుకొని చేయుదుమన్న సేవ. చేయకపోవుట సేవాలోపము. అంతేగాదు, కొనువానికి తెలియవలసిన విషయమును బుద్ధిపూర్వకముగ దాచుటయు సేవాలోపమేనని ఈ చట్టము స్పష్టముగ నిర్వచించినది. గుమాస్తా బెంగలేదని చెప్పి, మినహాయింపుల పుటను విప్పకుండుట ఈ నిర్వచనములోనికి రాదా యని మేము ప్రశ్నించుచున్నాము. నెరవేర్చు తలంపు లేని పూచీని ప్రకటించుట, బిల్లు ఇయ్యకపోవుట అక్రమవ్యాపార పద్ధతులుగ గూడ చట్టమున పేర్కొనబడినవి.

పూర్వపు చట్టము ననుసరించి ఎదుటిపక్షము వ్యాపారము చేయుచోటనో, వ్యాజ్యకారణము పుట్టినచోటనో ఫిర్యాదు చేయవలసియుండెను. దూరనగరపు సంస్థకు ఇది గొప్ప కోటగోడవలె నుండెడిది. 2019 చట్టము ఆ గోడను కూల్చినది. ఫిర్యాది తాను నివసించుచోటనే, లేక పనిచేసికొని బ్రతుకుచోటనే, జిల్లా కమిషను నాశ్రయింపవచ్చును. చెల్లించిన వెల 50 లక్షల రూపాయలవరకు గల వివాదములు జిల్లా కమిషనువే. 5 లక్షలవరకు రుసుము లేదు. న్యాయవాదిని పెట్టుకొనవలెనను నిర్బంధమును లేదు. వ్యాజ్యకారణము పుట్టిన నాటినుండి రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవలెను. గడువు దాటినను తగిన కారణము చూపినచో కమిషను మన్నింపవచ్చును. ఉమ్మడి తూర్పుగోదావరి జిల్లాలో ఈ న్యాయస్థానములు కాకినాడయందును రాజమహేంద్రవరమందును వెలసియుండుటచేత, రాజోలు దీవివాసి యొక వాయిదాకు పోవలెనన్న గోదావరి దాటి దినమంతయు వెచ్చింపవలసివచ్చెడిది. ఇప్పుడు ఇంటర్నెటు ద్వారా ఫిర్యాదు దాఖలుచేయుటకును, కోరినచో వీడియో ద్వారా విచారణకు హాజరగుటకును వీలు కల్పింపబడినది. అంతకుముందు 1915 అను జాతీయ సహాయపు ఫోను సంఖ్యకు చెప్పుకొనుటయు మంచిదే. అచ్చటి గుమాస్తా తెలుగున గూడ వినును. కొన్ని పేచీలు అంతటితోనే తీరుచుండును.

ఫిర్యాదునందు ముగ్గురిని, అనగా దుకాణమువారిని, తయారుచేసినవారిని, పొడిగించిన పూచీ నిచ్చినవారిని ఎదుటిపక్షములుగ చేర్చుట వివేకము. ఒకరినే చేర్చినచో ఆ యొక్కరు లేనివారిమీద నెపము వేయుదురు. 2004లో సుప్రీముకోర్టు ఒక మోటారుకారు వ్యాజ్యమున, లోపముగల బండిని అంటగట్టినందులకు తయారుచేసినవారు, డీలరు ఇరువురును బాధ్యులేయని తీర్పు చెప్పినది. ఎదుటిపక్షము తన జవాబును నోటీసు అందిన ముప్పది దినములలోపల, మహాయైన మరి పదునైదు దినములు చేర్చి, దాఖలు చేసితీరవలెను. 2020 మార్చిలో సుప్రీముకోర్టు రాజ్యాంగ ధర్మాసనము ఈ గడువును ఒక్కదినమైనను పొడిగింపరాదని తేల్చినది. పరీక్ష యవసరములేని ఫిర్యాదులు మూడు నెలలలో, ప్రయోగశాల పరీక్ష కావలసినవి ఐదు నెలలలో ముగియవలెనని చట్టపు ఆశయము. లోపము ఋజువైనచో కమిషను బాగుచేయింపుమనవచ్చును, క్రొత్త వస్తువు నిమ్మనవచ్చును, వెలను వడ్డీతో తిరిగి యిప్పింపవచ్చును, పడిన బాధకు పరిహారము విధింపవచ్చును. ఉత్తర్వును ధిక్కరించినవారికి నెలనుండి మూడేండ్లవరకు ఖైదో, ఇరువదియైదువేలకు తక్కువకాని జరిమానాయో, రెండునో పడవచ్చును.

మినహాయింపుల షరతులను గూర్చి మరికొంత చెప్పవలసియున్నది. ఎదుటిపక్షము చూపు బ్రహ్మాస్త్రము ఇదే గనుక. మీరు సంతకము చేసితిరి, ఆరవ పుటలో వ్రాసియున్నది, ఇంక మాటలేదని వారి వాదము. భీమా వ్యాజ్యములలో సుప్రీముకోర్టు ఈ వాదమును తిరస్కరించిన సందర్భములు గలవు. మాడరన్ ఇన్సులేటర్సు వ్యాజ్యమున, 2000వ సంవత్సరమున, కొనువానికి తెలియపరుపని మినహాయింపును భీమా సంస్థ ఆధారముగ గొనరాదని తీర్పు వచ్చినది. 2022 నవంబరులో టెక్స్కో మార్కెటింగు వ్యాజ్యమున న్యాయస్థానము మరియొక యడుగు ముందుకు వేసినది. నేలమాళిగలోని దుకాణమునకు, అది నేలమాళిగయని యెరిగియే, భీమా యిచ్చి ప్రీమియము పుచ్చుకొని, అగ్నిప్రమాదము జరిగినపిమ్మట నేలమాళిగలకు భీమా వర్తింపదను షరతు చూపుట చెల్లదని తేల్చినది. ఒప్పందపు ప్రధానోద్దేశమునే మ్రింగివేయు మినహాయింపునకు విలువ లేదని దాని సారము. పొడిగించిన వారంటీ భీమాయే యని మేము చెప్పుట లేదు. కాని చిరునామాలో ఓడలరేవని వ్రాసికొని, అచ్చటికే టెలివిజనును చేర్చి, ఉప్పుగాలి తుప్పునకు బాధ్యులము కామనువారికిని ఆ నేలమాళిగ భీమావారికిని భేదమేమి? నీరు దిగినదనియో, పిడుగుపడినదనియో చెప్పువారే దానిని ఋజువుచేయవలెను గాని, దిగలేదని గృహస్థుడు ఋజువుచేయనక్కరలేదు. మెకానిక్కు తెరచి చూచినది వ్రాసిన కాగితమును అందుకే పట్టుపట్టి పుచ్చుకొనవలెను. వాడు వ్రాయననినచో తేదీ వేసి మీరే యొక జాబు కంపెనీకి పంపుడు.

వర్తకుల పక్షమునను న్యాయము లేకపోలేదు. వస్తువును వానలో తడిపి, తాళ్లతో వ్రేలాడగట్టి, పొరుగు మిస్త్రీచేత నాలుగుసారులు విప్పించి, ఆపైన ఉచితముగ మార్పుమనువారు గలరు. పన్ను కలిసివచ్చునని బిల్లు లేకుండ కొనువారు అంతకంటె నెక్కువమంది గలరు. అట్టివారు కమిషను యెదుట చేతులు కట్టుకొని నిలువవలసినదే. చిన్నపట్టణపు దుకాణదారుకు ఈ పత్రమును అమ్మించునది పైనున్న సంస్థ. అతనికి దక్కునది కొలదిపాటి కమీషను. మాట పడునది మాత్రము అతడే. పండుగపూట ఎదురుపడు ఇరుగుపొరుగు ఖాతాదారుని మొగము చూడలేక తన సొమ్ముతో బాగుచేయించియిచ్చు వర్తకులును ఈ సీమలో లేకపోలేదు. మా కోపము వారిమీద గాదు.

చట్టము బాగుగనున్నది, అమలు కుంటుచున్నదని చెప్పక తప్పదు. మూడు నెలలలో ముగియవలసిన వ్యాజ్యములు ఏండ్లతరబడి సాగుచున్నవి. దేశమంతట అధ్యక్షుల, సభ్యుల పదవులు ఖాళీగ పడియుండుటను జూచి 2021లో సుప్రీముకోర్టు తనంతట తానే విచారణ చేపట్టవలసివచ్చినది. లోపము తేల్చుటకు ప్రయోగశాలకు పంపవలసినచో దాని రుసుమును ముందుగ ఫిర్యాదినే కట్టుమని కమిషను చెప్పవచ్చును. ముప్పదివేల వస్తువు కొరకు ఈ ప్రయాసమేలయని పదిమందిలో తొమ్మండుగురు వెనుకకు తగ్గుట ఇందుచేతనే. ఆ తొమ్మండుగురు వెనుదీయుదురను లెక్కమీదనే ఈ పత్రముల వ్యాపారములో లాభము నిలిచియున్నదేమో యని మాకు సందేహము.

2011 ఖరీఫునందు గిట్టుబాటు లేని సేద్యమును చేయమని పంటవిరామము ప్రకటించి, యావద్దేశమును కోనసీమవైపు తిరిగి చూచునట్లు చేసినది ఈ రైతులే. ప్రభుత్వమునే కదలించి విచారణసంఘమును వేయించినవారు, ఒక దుకాణపు కౌంటరు దగ్గర "ఇది వారంటీలో రాదండి" అనగానే మారుమాట లేక మరలివచ్చుచున్నారు. పంట పదిమంది సమస్య, టెలివిజను ఒకయింటి సమస్య యగుటయే ఇందులకు కారణము కావచ్చును. కాని ఒకే సంస్థ, ఒకే పత్రము, ఒకే జవాబు అయినపుడు ఇది ఒకయింటి సమస్య యెట్లగును? ఒకే విధమైన నష్టము పొందినవారు కలిసి, కమిషను అనుమతితో, ఒక్కటే ఫిర్యాదు చేయుటకు చట్టము వీలిచ్చినది. రిజిష్టరైన వినియోగదారుల సంఘములును ఫిర్యాదు చేయవచ్చును.

ఇతర దేశములవారు ఈ చిక్కును కమిషనులకే విడిచిపెట్టి యూరకుండలేదు. అమెరికాలో 1975 చట్టము ప్రకారము, వ్రాతపూర్వకముగ వారంటీ యిచ్చినవాడు చట్టసిద్ధమైన నాణ్యపు పూచీని త్రోసిపుచ్చరాదు. ఐరోపా సమాఖ్య 1999లో చేసిన నిర్ణయముచేత అమ్మినవాడే రెండేండ్లవరకు వస్తులోపమునకు బాధ్యుడు. కొనువాడు ప్రత్యేకముగ ఒక్క కాసు చెల్లింపనక్కరలేదు. మనయొద్ద మూడు వేలకు అమ్ముచున్నదానిలో కొంతభాగము అక్కడ కొనువాని హక్కు! ఇంగ్లాండున మరింత సూక్ష్మముగ, పొడిగించిన వారంటీల విక్రయమునకే 2005లో ప్రత్యేకపు ఉత్తర్వు చేసిరి. వస్తువు వెల ప్రక్కనే వారంటీ వెలను ప్రదర్శింపవలెను. వ్రాసియిచ్చిన వెలకు ముప్పది దినములవరకు కట్టుబడియుండవలెను. కొన్నవాడు మనసు మార్చుకొన్నచో నలువదియైదు దినములలోపల రద్దుచేసికొని సొమ్ము తిరిగి పొందవచ్చును. ఇంటికి పోయి, చల్లగ కూర్చుండి, చదువుకొన్నవానిచేత చదివించుకొని నిశ్చయించుకొనుటకు గడువిచ్చిరన్నమాట.

మన కేంద్రప్రభుత్వమువారును చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పేరిట ఇంటర్నెటులో ఒక వేదిక నేర్పరచిరి. అమర్పవలసిన గృహోపకరణములకు వారంటీ కొన్ననాటినుండి గాక అమర్చిననాటినుండి లెక్కింపవలసినదని 2024లో తయారీదారులను కోరిరి. కోరుట చాలదు, శాసింపవలెను. ఇంగ్లాండు ఉత్తర్వువంటి దానిని 2019 చట్టము క్రింద నియమములుగ తెచ్చుట కష్టము గాదు. పొడిగించిన వారంటీ యెవరి పూచీయో మొదటి పుటలోనే పెద్దయక్షరములతో ఉండవలెను. మినహాయింపులు ఆ రాష్ట్రపు భాషలో నుండవలెను. తెలుగుదేశమున అమ్ము పూచీపత్రము తెలుగున లేకపోవుటకంటె వింత యేమున్నది? తరుగుదల యేయేట యెంతో సంఖ్యలలో వేసి చూపవలెను. అమ్మిననాటినుండి నెలన్నరవరకు రద్దు చేసికొను హక్కు ఉండవలెను. అన్యాయమైన ఒప్పందమును కొట్టివేయుమను ఫిర్యాదు ఇప్పుడు జిల్లా కమిషను వినరాదు, రాష్ట్ర కమిషనునకే పోవలెను. మూడువేల రూపాయల పత్రమునకు ఇది మిక్కిలి బరువు. ఆ యధికారమును జిల్లాకు దింపవలెను.

ఇవి జరుగుటకు కాలము పట్టును. అంతలో జిల్లా అధికారులు చేయదగినది యొకటి గలదు. ఏటేట డిసెంబరు 24న, 1986 చట్టమునకు ఆమోదము లభించిన దినమని, జాతీయ వినియోగదారుల దినము జరుపుచున్నారు. సంక్రాంతి కొనుగోళ్లకు అది సరిగ్గ మూడువారములు ముందు. ఆనాడు అమలాపురమున జరుపు సభయందు పూలదండలను, ఉపన్యాసములను కొంత తగ్గించి, బజారున అమ్ముచున్న పొడిగించిన వారంటీ పత్రము నొకదానిని తెప్పించి, మొదటి పంక్తినుండి కడపటి పంక్తివరకు తెలుగున చదివి వినిపింపవలసినదని మేము కోరుచున్నాము. ఆ పత్రము నిచ్చిన సంస్థ ప్రతినిధిని గూడ వేదికమీద కూర్చుండబెట్టి, తేమ యనగానేమో, తుప్పు యనగానేమో, ప్యానెల్ చేరునో చేరదో సభవారి యెదుట చెప్పింపుడు.